పనోళ్లు ఊళ్లోనే ఉన్నారు

పసుపు ఉడికే రోజుల్లో నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ చుట్టుపక్కల ఏ వర్క్‌షాపు ముందు నిలబడ్డా వినపడేది ఒకటే మాట: "పనోళ్లు దొరుకుత లేరు." బాయిలర్ గొట్టం కారితే అతుకు పెట్టే వెల్డరు కావాలి. పాలిష్ డ్రమ్ము మోటారు కాలితే వైండింగు చేసేవాడు కావాలి. రేపు చూద్దామంటే కుదరదు. తవ్విన పసుపును ఆలస్యం చేయకుండా ఉడికించి ఎండబెట్టకపోతే రంగు తగ్గుతుంది, నిజామాబాద్ మార్కెట్‌లో ధరా తగ్గుతుంది.

పనోళ్లను వెతికిపెట్టమని నన్ను అడిగేవాళ్లకు ముందు గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల ఇళ్లు చూపిస్తాను. ఆర్మూర్, బాల్కొండ, భీమ్‌గల్ ఊళ్ల నుంచి దశాబ్దాలుగా దుబాయ్, ఖతర్, మస్కట్ పోతున్నారు. పైపు వెల్డింగు, ఏసీ రిపేరు, క్రేన్ నడపడం అక్కడ నేర్చుకుని వచ్చినవాళ్లలో చాలామంది ఇప్పుడు పొలం చూసుకుంటూనో, ఖాళీగానో ఉన్నారు. చేతిలో పని ఉంది, చూపడానికి సర్టిఫికెట్ లేదు. అందుకే ఎవరూ పిలవరు, వాళ్లూ అడగరు.

యజమానినీ, పనోణ్నీ కలపడంలో కష్టమైనది మనిషిని వెతకడం కాదు, యజమాని చేత అసలు సంగతి చెప్పించడం. ఏం పని, ఎన్ని గంటలు, జీతం ఏ తారీఖున? చాలామంది దగ్గర జవాబు ఉండదు. "సీజన్ల జీతం మంచిగనే ఇస్తం అన్నా" అంటారు. "మరి జూన్ల ఆ మనిషి ఏం తినాలె?" అంటే మాట ఆగిపోతుంది. గల్ఫ్ జీతం ఇక్కడెవరూ ఇవ్వలేరు, ఆ సంగతి తిరిగొచ్చినవాడికీ తెలుసు. అతనికి భయమల్లా విడతలుగా వచ్చే జీతమూ, పనిలేని నెలలూ.

దీనికి దారి లేకపోలేదు. పసుపు పని జనవరి నుంచి ఏప్రిల్ దాకా. యాసంగి వరి కోతలు ఏప్రిల్, మే నెలల్లో, వానాకాలం కోతలు అక్టోబర్, నవంబర్‌లలో. బాయిలర్ బాగుచేసే చేయి హార్వెస్టర్‌నూ బాగుచేస్తుంది, మిగతా నెలల్లో రైస్‌మిల్లు ఓవర్‌హాలింగ్ ఉండనే ఉంది. ముగ్గురు యజమానులు కలిసి ఒక మెకానిక్‌ను ఏడాది పొడవునా నిలుపుకోవచ్చు. ఒప్పించడం తేలిక కాదు. తన పనోణ్ని పక్క మిల్లు లాగేసుకుంటుందన్న అనుమానం ఇక్కడ చాలా లోతు. అయినా దీనికి మించిన మార్గం నాకు కనబడటం లేదు.

సర్కారు ఏర్పాట్లు పెద్ద కంపెనీలను చూసి చేసినవే ఎక్కువ. ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీకి తెలపాలన్న 1959 చట్టాన్ని 25 మందీ ఆపైన ఉండే ప్రైవేటు సంస్థల కోసమే రాశారు. ఐదుగురితో నడిచే షెడ్డు అందులోకి రాలేదు. అప్రెంటిస్‌ల విషయం వేరు: 2019లో మారిన నిబంధనల ప్రకారం నలుగురు పనిచేసే చోట కూడా అప్రెంటిస్‌ను పెట్టుకోవచ్చు. ముందే వచ్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. ఈ రెండు సంగతులూ తెలిసిన యజమానులు నాకు అరుదుగా తగిలారు.

దూరం నుంచి వచ్చే పనోళ్ల మీదే ఆధారపడితే ఏమవుతుందో 2020లో చూశాం. కరోనా లాక్‌డౌన్‌తో వలస కూలీలంతా ఇళ్లకు పోతున్న రోజుల్లో, మే 8న, రైస్‌మిల్లుల్లో బస్తాలెత్తే హమాలీలు రెండు వందల మందికి పైగా బీహార్‌లోని ఖగడియా నుంచి రైల్లో లింగంపల్లి వచ్చారు. మంత్రులే స్టేషన్‌కు వెళ్లి స్వాగతం చెప్పారు. వాళ్లు రాకపోతే కొన్న వడ్లు దించే చేతులు లేవు.

2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. దాంతో పాటు కొత్త మిషన్లూ వస్తే వాటిని నడిపేవాళ్లు కావాలి. మిల్లు, షెడ్డు ఉన్న అన్నలకు నా మాట ఒకటే: దసరా లోపే ఇద్దరు ముగ్గురు కూర్చోండి. పని, నెలలు, జీతం, తారీఖు కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకుని ముందు మీ వాడలో గల్ఫ్ నుంచి వచ్చినాయన ఇంటికి పోండి.