ఎగిరాక దిగాలి కదా

మా అమ్మాయి వెళ్లే జిమ్నాస్టిక్స్ క్లాసులో కోచ్ గారు సగం తప్పులు చెవితోనే పట్టేస్తారు. అటు తిరిగి ఎవరికో పల్టీ నేర్పిస్తుంటారు. వెనకాల ఇంకో పిల్ల బాక్సు మీంచి ధబ్బున దూకుతుంది. తల తిప్పకుండానే, "మళ్లీ దూకమ్మా, చప్పుడు రాకూడదు" అంటారు.

లెక్కంతా ఆ చప్పుడులోనే ఉంది. అర మీటరు ఎత్తు నుంచి దిగేవాళ్లెవరైనా, బక్కవాళ్లయినా బొద్దువాళ్లయినా, సెకనుకు దాదాపు 3.1 మీటర్ల వేగంతో నేలను తాకుతారు. ఆ వేగం ఎలాగూ సున్నా కావాల్సిందే. ఎంత మేరలో అవుతుందన్నదే మన చేతిలో, కాదు, మోకాళ్లలో ఉంది. కాళ్లు బిగబట్టి దిగితే ఒళ్లు 5 సెంటీమీటర్లలోనే ఆగిపోతుంది. అప్పుడు నేల తిరిగి నెట్టే సగటు బలం ఒంటి బరువుకు 11 రెట్లు. మునివేళ్లు, చీలమండ, మోకాలు, తుంటి వరసగా లొంగి 25 సెంటీమీటర్లు కిందికి పోనిస్తే 3 రెట్లే. 60 కిలోల మనిషి మీద 660 కిలోల మోత కాస్తా 180కి దిగుతుంది. ఇది సగటు మాత్రమే, ఆ మధ్యలో తగిలే పెద్ద దెబ్బ ఇంకా ఎక్కువే. పైనుంచి విసిరిన ఇటుకను పట్టే కూలీ చేతులు దాంతోపాటే కిందికి జారేది ఇందుకే.

తమాషా ఏమిటంటే, మోకాలిని కాపాడే ఆ వంపే మరీ ఎక్కువైతే పోటీలో మార్కులు పోతాయి. అడుగు కదిలినా కోతే. పడితే ఏకంగా ఒక మార్కు.

2016 రియో ఒలింపిక్స్ వాల్ట్ ఫైనల్లో అగర్తలా అమ్మాయి దీపా కర్మాకర్ ప్రొదునోవా అనే విన్యాసం చేసింది. బల్ల మీద చేతులు ఆన్చి లేచి, గాల్లో రెండు ముందు పల్టీలు. ముందుకు తిరుగుతుంటే నేల చివరిదాకా సరిగా కనబడదు. పాదాల మీదే దిగింది గానీ, దాదాపు మ్యాట్ మీద కూర్చున్నంత కిందికి పోయింది. ఆ వాల్ట్‌కు 15.266, రెండు వాల్ట్‌ల సగటు 15.066, నాలుగో స్థానం. కాంస్యం 0.150 తేడాతో పోయింది. ఆ రాత్రి అందరూ పతకం పోయిందనే బాధపడ్డారు. ఆ వంపే లేకపోతే ఆమె కాళ్లు ఏమయ్యేవో ఎవరూ అడగలేదు. మరుసటి ఏడాది ఆమె మోకాలికి ఎలాగూ ఆపరేషన్ తప్పలేదు.

పెద్దల పోటీల్లో ఎక్కువ వంగితే మార్కు కోసే ఆ నిబంధన ఉండనివ్వండి, నిటారుగా నిలబడటమూ విద్యే. పన్నెండేళ్లు నిండని పిల్లలు బాగా వంగి దిగితే మాత్రం మార్కు కోయకూడదు, వీలైతే ఒకటి కలపాలి.