కన్యాశుల్క నాటకమునఁ గన్యయొక్క కారకము

గురజాడ వేంకట అప్పారావుగారి కన్యాశుల్కము 1892వ సంవత్సరమున విజయనగరమునఁ బ్రథమముగాఁ బ్రదర్శింపఁబడి, 1897లో ముద్రితమై, 1909లో మిక్కిలి పెంపు చేయఁబడిన రెండవ కూర్పుగా వెలువడినది. గిరీశముయొక్క వాక్చమత్కృతిని గూర్చియు, మధురవాణి పాత్రపోషణమును గూర్చియు, వ్యావహారికభాషాప్రయోగమును గూర్చియు విమర్శకులు వ్రాసినది విస్తారము. నాటకమునకుఁ బేరైన కన్యను గూర్చి వ్రాసినది స్వల్పము. పేరునఁ బూర్వపదమై నిలిచిన యా కన్య నాటకమున నే స్థానమున నిలిచినదో, దానివలనఁ గవి యేమి సాధించెనో, యేమి విడిచెనో పరిశీలింపఁదగి యున్నది.

కన్యాశుల్క మనునది షష్ఠీతత్పురుషము. షష్ఠి సంబంధమాత్రమును దెలుపునే కాని యా సంబంధ మెట్టిదో చెప్పదు. శుల్కము కన్యకుఁ జెందునదియా, కన్యకై యితరునకుఁ జెల్లింపఁబడునదియా యను సంశయము సమాసముననే యున్నది. స్మృతికారులలోఁ గొందఱు శుల్కమును స్త్రీధనభేదములలోఁ జేర్చిరి. అట్లైనచో నది కన్యదియే. ఆచారమున మాత్రము ధనము తండ్రి పెట్టెను జేరెను. కన్యకు మిగిలినది సమాసమునఁ బూర్వపదత్వ మొక్కటియే.

ఈ విషయము కారకవివేచనముచే స్పష్టపడును. కన్యాదానమునఁ దండ్రి కర్త, వరుఁడు సంప్రదానము, కన్య కర్మ. దానమనఁగాఁ దన స్వత్వమును నివర్తింపఁజేసికొని పరస్వత్వమును గల్పించుట యని శాస్త్రజ్ఞుల నిర్వచనము. విక్రయమునను దండ్రియే కర్త, కన్యయే కర్మ. నడుమ వెల యొకటి యధికము. కావున శుల్కమును నిషేధించినంతమాత్రమునఁ గన్యయొక్క కారకము మాఱదు. శుల్కము కొంచెమైనను గ్రహింపరాదని తండ్రిని శాసించిన మనువే, ఋతుమతి యైన కన్య మూఁడేండ్లు వేచి, పిమ్మటఁ దనకుఁ దగిన భర్తను దానే పొందవచ్చునని మఱియొకచోట ననుజ్ఞ యిచ్చెను. మొదటి వాక్యము తండ్రి దోషమును మాన్పును. రెండవది కన్యను గర్తగాఁ జేయును. ఈ రెంటి భేదమును విస్మరించుటవలననే సంఘసంస్కరణవాఙ్మయమున ననేకభ్రాంతులు గలిగినవి.

మీమాంసాదర్శనమున షష్ఠాధ్యాయారంభమున స్త్రీకి యజ్ఞాధికారము గలదా లేదా యను విచారము గలదు. స్త్రీ క్రయవిక్రయములకు లోఁబడునది గావున ధనహీన, ధనహీన గావున ననధికారిణి యని పూర్వపక్షము. ఫలాభిలాష పురుషునకుఁ బోలె స్త్రీకిని సమానమే గావున నామెయు నధికారిణియే యని జైమిని సిద్ధాంతము. యజ్ఞము భర్తతోఁ గూడియే చేయవలెనన్న నియమ మట్లుండఁగా, అధికారమునకు మూలము స్వీయాభిలాష యని యంగీకరించుట యిచ్చట ముఖ్యము. క్రయమును గూర్చి శబరస్వామి యిచ్చిన సమాధానము మఱింత యుపయుక్తము. క్రయమున వెల హెచ్చుతగ్గులు గలది. వివాహమున నిచ్చునదియో, కన్య సుందరి యైనను గాకున్నను నియతమైనది. కావున నది ధర్మమాత్రమే కాని క్రయము గాదని యాయన వాదము. ఈ లక్షణమునే ప్రమాణముగాఁ గొన్నచో, బేరమాడి నిర్ణయింపఁబడిన కన్యాశుల్కము క్రయమే యని మీమాంసకులే తీర్పు చెప్పినట్లగును.

ఆ క్రయ మెంత ఘోరమైనదో నాటకపీఠికయే తెలుపుచున్నది. విజయనగర మహారాజగు ఆనందగజపతివారు విశాఖపట్టణమండలమున సామాన్యబ్రాహ్మణకుటుంబములలో మూఁడేండ్లలో జరిగిన శుల్కవివాహములకుఁ బట్టిక వ్రాయింపఁగా 1,034 తేలినవి. వారిలో నైదేండ్ల ప్రాయపు బాలికలు 99, నాలుగేండ్లవారు 44, మూఁడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది శిశువులు 3. వెరసి 188. ఏడాది శిశువుల వెల 350 మొదలు 400 రూపాయలు. మాటలాడ నేరని శిశువు సమ్మతి నీయఁజాలదు, నిరాకరింపనుఁ జాలదు. ఆ వయస్సున వివాహము నిర్ణయించుటయే వాక్యమునుండి కర్తను దొలఁగించుట.

నాటకమున నగ్నిహోత్రావధానులు తన రెండవ కూఁతురు సుబ్బిని వృద్ధుఁడైన లుబ్ధావధానుల కీయ నిశ్చయించును. పెద్దకూఁతురు బుచ్చమ్మ యట్టి వివాహముననే బాలవితంతువై యింట నున్నను నాతని బుద్ధి మాఱదు. తల్లి వెంకమ్మ నూతిలో దుమికినను నిశ్చయము నిలుచును. అంతటఁ గరటకశాస్త్రి తన శిష్యునకు స్త్రీవేషము వేసి, మధురవాణి సాహాయ్యమునఁ దక్కువ వెలకు లుబ్ధావధానులకుఁ గట్టఁబెట్టును. ఈ కల్పనయందే కవి ప్రతిభ సంపూర్ణముగా వ్యక్తమైనది. ఆదేశము స్థానివలె వర్తించునని పాణిని విధి. స్థానికిఁ గల కార్యము లాదేశమునకును గలుగును. సుబ్బి స్థానమున వచ్చిన శిష్యుఁడు కన్యకుఁ గల సమస్తకార్యములను బొందెను: వెల గట్టిరి, పుస్తె గట్టిరి. స్త్రీయా పురుషుఁడా యన్న విచారమునకైన నవసరము గలుగలేదు. కొనువాఁడు చూచినది వెలనే కాని వ్యక్తిని గాదనుట కింతకంటె నిశితమైన నిదర్శనము తెనుఁగు నాటకవాఙ్మయమున లేదు. ప్రేక్షకుఁడు నవ్వును, ఆ నవ్వు సద్దుమణఁగిన పిమ్మట మిగులునది భయము.

అయినను నాదేశముచే స్థాని లోపించును గదా. వేషము విప్పి పాఱిపోయిన కన్య నిజముగా బాలుఁడు. సుబ్బి సమ్మతి గాని యసమ్మతి గాని కథాసంధులలో నొక్కదానికిని హేతువు గాలేదు. ఆమెను దండ్రి యమ్మఁజూచెను, మేనమామ రక్షించెను, వేశ్య తోడ్పడెను. ప్రయోజకకర్తలు పెక్కండ్రు, ప్రయోజ్య యైన బాలిక కర్మగానే నిలిచినది. ప్రేరణార్థమునఁ గొన్ని ధాతువులకుఁ బూర్వకర్త కర్మ యగునని పాణిని చెప్పినది యిచ్చట స్మరింపఁదగును: రక్షకుఁడు నెఱుఁగకయే రక్షింపఁబడువానిని గర్మగాఁ జేయఁగలఁడు. బుచ్చమ్మను బూనాలోని వితంతుశరణాలయమునకుఁ బంపు నిర్ణయము సైతము సౌజన్యారావు పంతులు నోటనే వెలువడుచున్నది. స్వతంత్రుఁడే కర్త యను లక్షణము నాటకమందలి స్త్రీలలో సంపూర్ణముగా నన్వయించునది మధురవాణికే. ఆమెను దానము చేయ నధికారము గల పురుషుఁడు లేఁడు, ఆమె యార్జన మామెదే. కులస్త్రీకి లేని స్వాతంత్ర్యము వేశ్యకుఁ గలుగుట సంఘముపైఁ గవి వేసిన యభియోగము.

హాస్యప్రధానమగు నాటకమున బాలిక మౌనము దోషము గాదనియు, నాఁటి వస్తుస్థితియే యట్టిదనియు నెవ్వరైన ననవచ్చును. ఈ వాద మర్ధసత్యము. మౌనము ధ్వనిగాఁ బరిణమించుటకు దానిని వినిపించు సన్నివేశ మొకటి కావలయును. ఈ నాటకమున నది లేదు. అప్పారావుగారికే యీ కొఱఁత తోఁచియుండునని యాయన గేయకథలవలన నూహింపవచ్చును. వృద్ధున కమ్మఁబడిన పూర్ణమ్మ నోరు విప్పి తనవారితో మాటలాడును. కాని పిమ్మట దుర్గకొలను జేరి యంతర్ధాన మగును. రాజును ధిక్కరించిన కన్యక యగ్నిఁ జొచ్చును. సుబ్బికి జీవితము గలదు, వాక్కు లేదు. పూర్ణమ్మకును గన్యకకును వాక్కు గలదు, జీవితము లేదు. ఈ రెండును గల బాలికను జిత్రించుట యాయన తరువాతివారికి మిగిలిన పని.

అట్టి స్త్రీ లోకమున లేకపోలేదు. పదునొకండవ యేట వివాహిత యైన బొంబాయి రఖ్మాబాయిపై 1884లో భర్త దావా వేసెను. 1885లోఁ దీర్పు ఆమెకు ననుకూలముగా వచ్చినను, అప్పీలుపై వ్యాజ్యము మరల విచారణకు వచ్చి, 1887లో భర్తయొద్దకుఁ బోవలె, లేనిచో నాఱు మాసములు కారాగారమున నుండవలెనని తీర్పు వెడలెను. తన సమ్మతి లేని వివాహమునకు లోఁబడుటకంటెఁ గారాగారమే మేలని యామె ప్రత్యుత్తరము. 1888లో ధనమిచ్చి రాజీ చేసికొని, లండనులో వైద్యవిద్య నభ్యసించి, స్వదేశమునకు మరలి వైద్యురాలై పెక్కేండ్లు సేవ చేసెను. కన్యాశుల్కప్రథమప్రదర్శనమునకు నాలుగేండ్లకు ముందే యొక స్త్రీ తన వివాహవాక్యమునఁ గర్తృపదమును దానే యాక్రమించినది.

శాసనచరిత్రయు నీ కారకపరివర్తనమునే చూపుచున్నది. 1929 నాఁటి శారదాశాసనము బాలికకుఁ బదునాలుగేండ్లు కనిష్ఠవయస్సుగా విధించి, చేయించినవారిని శిక్షించెను. వివాహము మాత్రము నిలిచెను, బాలిక కర్మగానే యుండెను. 1962లో నైక్యరాజ్యసమితి యొడంబడిక వధూవరులు స్వయముగాఁ బ్రకటించిన స్వేచ్ఛాసమ్మతి లేక వివాహము చెల్లదనెను. 1989 నాఁటి బాలలహక్కుల యొడంబడిక పండ్రెండవ యధికరణము, తన్ను గూర్చిన విషయములందు స్వాభిప్రాయమును జెప్పు హక్కు స్వయముగా నాలోచింపఁగల శిశువున కిచ్చెను. భారతదేశమున 2006 నాఁటి బాల్యవివాహనిషేధశాసనము, బాల్యమున వివాహిత యైనది ప్రాప్తవయస్క యైన రెండేండ్లలోపల నా వివాహమును రద్దు చేయింపఁ దానే న్యాయస్థానమును గోరవచ్చుననెను. నాఁడు పుచ్చుకొన్న ధనమును మరల నిప్పించు విధియు నందుఁ గలదు. వివాహార్థము విక్రయింపఁబడిన బాలిక వివాహము మూలముననే చెల్లదని మఱియొక విధి. అగ్నిహోత్రావధానుల బేరమునకు నూఱేండ్లకుఁ బైఁబడి వచ్చిన ప్రత్యుత్తర మిది. అయినను మైనరుగా నున్నంతకాల మామె సంరక్షకునిద్వారముననే యర్జీ పెట్టవలయును. అచ్చట షష్ఠి యింకను మిగిలియున్నది.

కావునఁ గన్యాశుల్కనాటకము వెలను ఛేదించుటలో నద్వితీయము, కన్యకు వాక్కు నిచ్చుటలో నసమగ్రము. పాఠశాలలలో దీనిని బోధించువారు గిరీశముయొక్క హాస్యమునకే కాలమంతయు వెచ్చింపక, సుబ్బి నడిగినచో నేమని యుండునని విద్యార్థినులచేఁ జెప్పింపవలయును. చెప్పింపవలయు నన్నచోఁ బండితుఁడు ప్రయోజకకర్త. చెప్పునది బాలిక గావున స్వతంత్రకర్త యామెయే.