ముఖపత్రం ముందు శిక్షణార్థి: గ్రంథాలయ వృత్తి వికాసం - అంతర్జాల సాధనాల పరిశీలన

బ్రిటన్‌లో గ్రంథాలయ శాస్త్రంలో స్నాతకోత్తర విద్యకు వెళ్లదలచిన పట్టభద్రులు పలువురు ముందుగా ఒక ఏడాది ఏదైనా గ్రంథాలయంలో శిక్షణార్థులుగా పనిచేస్తారు. పాఠకులకు పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం, అరలు సర్దడం, సూచీకరణలో తొలి పాఠాలు నేర్వడం ఆ ఏడాదిలో జరుగుతాయి. ఇటువంటి శిక్షణార్థులనూ వృత్తిలో స్థిరపడినవారినీ కలిపి ఉద్దేశించిన ఒక స్వయంశిక్షణ కార్యక్రమం 2011లో అక్కడ మొదలైంది. దాని పేరును ‘వృత్తి వికాసానికి 23 అంశాలు’ అని తెలుగులో చెప్పుకోవచ్చు. ఈ నమూనాకు మూలం 2006 నాటిది. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్ - మెక్లెన్‌బర్గ్ కౌంటీ ప్రజా గ్రంథాలయంలో హెలెన్ బ్లోవర్స్ తమ సిబ్బంది కోసం రూపొందించిన ‘లెర్నింగ్ 2.0’ దీనికి మాతృక. అంశాలన్నీ పూర్తిచేసిన ఉద్యోగికి అక్కడ ఒక ఎంపీ3 పరికరం బహుమానంగా దక్కేది. ఆ తరువాత అనేక దేశాల గ్రంథాలయాలు ఈ పద్ధతిని అనుసరించాయి.

అంతర్జాల సాధనాలతో వృత్తి నైపుణ్యం పెంచుకోవడమనే భావన గ్రంథాలయ రంగంలో స్థిరపడటంలో ఈ కార్యక్రమాల పాత్ర గణనీయమైనది. కనుక ఆ భావన గుణదోషాలను విచారించేవారు వీటి దగ్గర మొదలుపెట్టడం న్యాయం. అయితే ఈ విచారణ తెలుగు సాహిత్య పరిశోధకులకు ఎందుకనే ప్రశ్న సహజం. శిక్షణార్థి ఈ సాధనాలను ఎలా నేర్చుకుంటున్నాడనే దానిమీద తెలుగు పుస్తకం దొరకడమో దొరకకపోవడమో ఆధారపడి ఉంది. సూచికలో కనిపించని గ్రంథం పరిశోధకుడి దృష్టిలో లేని గ్రంథమే. అలా లేదనుకున్న గ్రంథం మీద ఆధారపడవలసిన నిర్ణయాలు సిద్ధాంత గ్రంథాల్లో తప్పుగా స్థిరపడతాయి.

23 అంశాల పద్ధతిలో మెచ్చుకోదగిన గుణం ఒకటుంది. తరగతి గది, గురువు, పరీక్ష లేకుండా శిక్షణార్థి తనంత తానుగా ఒక సాధనాన్ని తెరిచి, వాడి, తనకు కలిగిన అనుభవాన్ని రాసి చూసుకోవాలి. యంత్రమంటే బెదురున్న ఉద్యోగికి ఇది మేలు చేసింది. 2011 నాటి కార్యక్రమంలో సాంకేతిక సాధనాలతో పాటు వృత్తి సంఘాలు, అనుభవజ్ఞుల మార్గదర్శనం, గ్రంథాలయాల పక్షాన వాదించడం వంటి విషయాలకూ చోటిచ్చారు. తన పనిని తానే విమర్శించుకునే రచనకు ప్రత్యేకంగా ఒక అంశం కేటాయించడం మరీ విశేషం.

లోపం కూడా అక్కడే ఉంది. అంశాల సంఖ్య నిర్ణీతం, పూర్తిచేయడమే గెలుపు. ఒక వారం ఒక సాధనం, మరుసటి వారం మరొకటి. తన గ్రంథాలయంలో ఏ పాఠకుడికి ఏది అందడం లేదన్న ప్రశ్న ఈ వరుసలో తప్పనిసరి కాదు. పైగా వృత్తిలో తన పేరును ఒక ముద్రగా ఎలా నిలుపుకోవాలన్నది మూడవ అంశంగానే వచ్చింది. పాఠకుడి కంటే ముందు గ్రంథపాలకుడి ప్రతిష్ఠ పాఠ్యాంశమైందన్నమాట. ఇక సాధనాల ఆయుర్దాయం సంగతి: ఆనాడు వార్తాసేకరణకు ఎందరో వాడిన గూగుల్ రీడర్ 2013 జులైలో మూతపడింది. ఉల్లేఖనలను భద్రపరిచే సైట్‌యూలైక్ 2019లో ఆగిపోయింది. అదే కోవకు చెందిన మెండలీని 2013లో ఎల్సెవియర్ ప్రచురణ సంస్థ కొనుగోలు చేసింది. మీటలు ఎక్కడున్నాయో మాత్రమే నేర్చుకున్న శిక్షణార్థి చేతిలో చివరికి మిగిలింది స్వల్పం. ఉల్లేఖన అంటే ఏమిటి, దానిలో ఏ భాగం ఎందుకుండాలి అని అడిగినవాడు మాత్రం సాధనం మారినా నష్టపోలేదు.

ఈ భేదాన్ని స్పష్టం చేసే ఉదాహరణ భారతీయ గ్రంథాలయ చరిత్రలోనే ఉంది. గణితాధ్యాపకుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడిగా నియమితుడై, శిక్షణ కోసం లండన్ వెళ్లాడు. అప్పటికి ఆయన కూడా శిక్షణార్థే. అక్కడి వర్గీకరణ పద్ధతులు సంయుక్త విషయాలకు చాలవన్న అసంతృప్తి ఆయనను వేధించింది. ఆ రోజుల్లోనే ఒక పెద్ద దుకాణంలో మెక్కానో అనే ఆటవస్తువు ఆయన కంటపడింది. కొన్ని లోహపు పట్టీలు, మరలతో రకరకాల నమూనాలు కూర్చడం చూశాక, విషయాలను కూడా ముందే గీసిన గడుల్లో ఇరికించకుండా అంశాలుగా విడదీసి కూర్చవచ్చునన్న ఊహ కలిగిందని ఆయనే చెప్పుకున్నాడు. 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణకు అది బీజం. ఆ ఆటవస్తువును ఆ దుకాణంలో చూసినవారు ఎందరో ఉండి ఉంటారు. రంగనాథన్ మాత్రం మనసులో ఒక ప్రశ్నతో చూశాడు. బ్లోవర్స్ కార్యక్రమం కూడా ఆటగా నేర్వడాన్నే ప్రోత్సహించింది కానీ, ఆటకు ముందుండవలసిన ప్రశ్నను శిక్షణార్థికే వదిలేసింది.

తెలుగు పుస్తకాలున్న గ్రంథాలయంలో చేరిన శిక్షణార్థికి ఆ ప్రశ్న కోసం దూరం వెళ్లనక్కరలేదు. ఏదైనా ఒక తెలుగు ముఖపత్రాన్ని ముందు పెట్టుకుంటే చాలు. ‘వేయిపడగలు’ నవలనే తీసుకోవచ్చు. రచయిత విశ్వనాథ సత్యనారాయణ. ఉల్లేఖనల కోసం పరిశోధకులు విరివిగా వాడే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ జొటెరోలో రచయిత పేరుకు మామూలుగా రెండు గదులుంటాయి: వంశనామానికి ఒకటి, వ్యక్తినామానికి ఒకటి. పేరంతా ఒకే వరుసలో అందినప్పుడు చివరి మాటను వంశనామంగా స్వీకరించడం ఇలాంటి సాధనాల పద్ధతి. పాశ్చాత్య నామాలకు అది సరిపోతుంది. ఇక్కడ మాత్రం సత్యనారాయణ ఇంటిపేరవుతుంది, విశ్వనాథ వెనక్కి వెళ్లి కొన్ని ఉల్లేఖన శైలుల్లో ఒక పొడి అక్షరంగా మిగులుతుంది. ఉపప్రమాణ గ్రంథాల పట్టికలో ‘సత్యనారాయణ’లు, ‘శాస్త్రి’లు, ‘రావు’లు ఒకచోట గుమిగూడటానికి కారణాల్లో ఇదొకటి.

శిక్షణార్థి ఇక్కడ తొందరపడి గదులను తారుమారు చేస్తే ఇంకో చిక్కు వస్తుంది. విశ్వనాథ తరువాత కామా పడుతుంది. తెలుగులో ఇంటిపేరు సహజంగానే ముందుంటుంది కనుక ఆ కామాకు అర్థం లేదు. అదే సాధనంలో పేరును ఒకే గదిలో ఉంచే వీలుంది. విశ్వనాథ సత్యనారాయణకు అది సరైన మార్గం. నన్నయ, వేమన వంటి ఇంటిపేరుతో పనిలేని కవులకూ అదే శరణ్యం. కానీ సి. నారాయణరెడ్డి విషయంలో ఆ ఉపాయం కూడా చాలదు. ఒక ముఖపత్రం మీద పొడి అక్షరం, మరొకచోట సింగిరెడ్డి అన్న పూర్తి ఇంటిపేరు, పాఠకుల నోట సినారె. మూడింటిలో దేనిని ప్రవేశరూపంగా నిలపాలి, మిగిలినవాటి నుంచి దానికి ఎలా దారి చూపాలి అన్నది సాధనం తేల్చలేదు. భారతీయ నామాల ప్రవేశరూపం రంగనాథన్ కాలం నుంచీ చర్చలో ఉన్నదే. సాధనం ఆ పాత చర్చను శిక్షణార్థి ముంగిట నిలబెట్టింది, అంతే.

కలంపేర్లు ఈ సమస్యకు మరో పార్శ్వం. ‘బీనాదేవి’ అన్న పేరు చూసి ఒక రచయిత్రిగా నమోదు చేయడం సులభం. అది భార్యాభర్తలిద్దరికీ చెందిన కలంపేరని తెలిసినవారే ఆ రికార్డును సరిదిద్దగలరు. తిరుపతి వేంకట కవుల పేరు చూసి ఒక్క వ్యక్తి అనుకునే పొరపాటు తెలుగు తెలిసినవారు చేయరు గాని, యంత్రం చేస్తుంది. 2012లో మొదలైన వికీడేటాలో ఒక వ్యక్తికి ఒక సంఖ్య ఇచ్చి, దాని కింద ఎన్ని నామరూపాలనైనా ఏ లిపిలోనైనా చేర్చవచ్చు. శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు ఒక్కరేనని అక్కడ ఒకసారి నమోదైతే ఆ సమాచారాన్ని ఇతర వ్యవస్థలూ వాడుకోగలవు. శిక్షణార్థికి ఇంతకంటే ఫలవంతమైన అభ్యాసం కనబడదు; ఆధారం చూపి సమాచారం చేర్చే అలవాటు వల్ల పరిశోధన క్రమశిక్షణ కూడా అలవడుతుంది.

శీర్షికల విషయానికి వస్తే చిక్కు మరింత సూక్ష్మమైనది. పాఠకుడు ‘భాగవతం’ అని టైపు చేస్తాడు. పుస్తకం మీద ‘శ్రీమదాంధ్ర మహాభాగవతము’ అని ఉంటుంది. పూర్తి పదాన్ని మాత్రమే సరిపోల్చే సూచికలో ఫలితం శూన్యం. ‘భాగవత’ తరువాత నక్షత్రం గుర్తు పెట్టి వెతికితే ‘భాగవతము’ దొరకవచ్చు, ‘మహాభాగవతము’ దొరకదు. సున్న, ‘ము’వర్ణకం ఒకే ప్రత్యయానికి రూపాంతరాలన్న వ్యాకరణ జ్ఞానం, సంధిలో పదాది మరుగున పడుతుందన్న ఎరుక ఇక్కడ సూచీకర్తకు వృత్తి పరికరాలు. ఏకరూప శీర్షికను ఏర్పరచి, ముఖపత్రం మీది శీర్షికను దానితో ముడివేయడం గ్రంథాలయ శాస్త్రం ఏనాడో చెప్పిన పరిష్కారం. ఆ ఏకరూపం ఏదన్నది నిర్ణయించడానికి మాత్రం తెలుగు తెలియాలి.

కంటికి కనబడని తేడాలూ ఉన్నాయి. ‘షేక్‌స్పియర్’ అని రాసేటప్పుడు కకారం కింద సకారం ఒత్తుగా చేరకుండా కొందరు మధ్యలో ఒక అదృశ్య సంకేతం టైపు చేస్తారు, కొందరు చేయరు. ఆ సంకేతాన్ని విస్మరించడం తెలియని వ్యవస్థకు ఇవి రెండు వేర్వేరు పేర్లు. అచ్చు కోసం అను ఫాంట్లలో కూర్చిన పాత జాబితాలను నేరుగా తెచ్చి అతికిస్తే అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు వస్తాయి. అకారాదిక్రమం కూడా నమ్మదగినది కాదు. బడిలో నేర్చిన వర్ణమాలలో ళకారం హకారం తరువాత వస్తుంది, ఱకారం చివర ఉంటుంది. యూనికోడ్‌లో రకారం వెంట ఱకారం, లకారం వెంట ళకారం ఉన్నాయి. ఆ వరుసనే పాటించే సూచికలో ‘కళాపూర్ణోదయం’ ముందు, ‘కవిజనాశ్రయం’ తరువాత. వర్ణమాల చొప్పున వెతికేవాడికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. ఏది సరైనదన్నది ఇక్కడ ప్రధానం కాదు. ఏ క్రమం పాటిస్తున్నామో పాఠకుడికి చెప్పాలన్న స్పృహ శిక్షణార్థికి కలగడం ప్రధానం.

రోమన్ లిపి సూచికలది వేరే కథ. అమెరికా గ్రంథాలయాలు అనుసరించే లిప్యంతరీకరణ పట్టిక శాస్త్రీయమైనదే. ప్రతి తెలుగు అక్షరానికీ నియతరూపం ఉంది. అయితే తెలుగువారు రోమన్ లిపిలో రాసుకునే అలవాటు దానికి భిన్నం. చలం పేరును పాఠకుడు సి, హెచ్ అక్షరాలతో మొదలుపెడతాడు. పట్టికలో ఆ జంట ఛకారానిది, చకారానికి సి ఒక్కటే. గీత అన్న పేరులో తకారానికి టి, హెచ్ రాయడం ఇక్కడి వాడుక. పట్టిక ప్రకారం అది థకారం. కనుక విదేశీ సూచికల్లో తెలుగు పుస్తకం వెతికే పరిశోధకుడు తన పేరు తాను రాసుకునే పద్ధతిని మరచిపోవలసి ఉంటుంది. మూల లిపిని కూడా రికార్డులో సమాంతరంగా ఉంచే ఏర్పాటు మార్క్ ప్రమాణంలో ఉంది. ఉన్న ఏర్పాటును వాడటం లేదంటే అది సాంకేతిక లోపం కాదు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేర స్కాన్ అయిన తెలుగు గ్రంథాల అనుభవం దీనికి వ్యతిరేక దిశలోనిది. అక్కడ ఏ పట్టికా నియతంగా లేదు. శీర్షికలను ఎవరికి తోచిన రోమన్ వర్ణక్రమంలో వారు ఎక్కించారు. పుస్తకం పుటలన్నీ భద్రంగా ఉన్నాయి, పేరు మాత్రం గుర్తుపట్టలేని స్థితిలో ఉంది. ఆ తరువాత తెలుగు వికీపీడియా స్వచ్ఛంద కార్యకర్తలు ఆ గ్రంథాల జాబితాలను తెలుగు లిపిలో కూర్చే పని చేపట్టారు. తెలుగు వికీసోర్స్‌లో ఒకరు సరిదిద్దిన పుటను మరొకరు సరిచూసి ఆమోదించే విధానం ఉంది. వీరిలో చాలామందికి గ్రంథాలయ శాస్త్రంలో పట్టాలు లేవు. పట్టా ఉన్నవారు చేయవలసిన పని లేనివారు చేశారన్న మాట కటువుగా వినిపించవచ్చు గాని, కాదనడం కష్టం.

ఇంత భారం ఒక శిక్షణార్థి మీద మోపడం న్యాయమా అన్న ఆక్షేపణకు బలం ఉంది. ఒక ఏడాది గ్రంథాలయ శాస్త్ర పట్టా చదువులో వర్గీకరణ, సూచీకరణ, నిర్వహణ, సమాచార సాంకేతికత అన్నీ ఇమడాలి. స్వయం వేదికలోనూ ఇ-పీజీ పాఠశాలలోనూ ఉన్న గ్రంథాలయ శాస్త్ర పాఠాలు ప్రధానంగా ఆంగ్లంలో నడుస్తాయి. వాటి ఉదాహరణలు తెలుగు ముఖపత్రం దాకా రావు. కనుక లోటును శిక్షణార్థి శ్రద్ధతో మాత్రమే పూడ్చలేము. దీనిలో తెలుగు శాఖల వంతు కూడా ఉంది. నామరూపాలు, సంధులు, కలంపేర్లు, ముద్రణల చరిత్ర ఎవరి పరిశోధనాంశాలో వారే సూచికలో పుస్తకం దొరకలేదని ఫిర్యాదు చేసి ఊరుకుంటున్నారు. శోధగంగలో తెలుగు సిద్ధాంత గ్రంథాల శీర్షికలు రోమన్ లిపిలో కనిపించడం అరుదు కాదు. ఆ శీర్షికలను ఏ లిపిలో, ఏ వర్ణక్రమంలో అందజేయాలన్నది శాఖలే గ్రంథాలయంతో కూర్చుని తేల్చుకోదగిన విషయం.

అలా కూర్చోవడానికి కొత్త సాధనమేదీ అవసరం లేదు. పాఠకులు వెతికి, దొరకక, చివరికి అరలో కనిపించిన పుస్తకాల పేర్లను శిక్షణార్థి ఒక పట్టికగా రాసుకోవచ్చు: పాఠకుడు టైపు చేసిన రూపం ఒక గడిలో, సూచికలో ఉన్న రూపం మరో గడిలో, ముఖపత్రం మీది రూపం మూడవ గడిలో. నాలుగవ గడి తెలుగు శాఖ నింపవలసినది.