వడ్డనే సాధనగా: జిల్లెళ్లమూడి మాతృభావం

బాపట్లకు చేరువలోని జిల్లెళ్లమూడిలో ఊరూ వాడా ‘అమ్మ’ అని పిలుచుకున్న అనసూయాదేవి (1923–1985) మాతృత్వాన్ని కడుపున పుట్టిన బిడ్డలతో ముగిసే బంధంగా కాక, ఎదుటి మనిషిని చూసే చూపుగా, రోజూ ఆచరించవలసిన సాధనగా నిలిపారు. గుంటూరు జిల్లా మన్నవలో పుట్టి, పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్న ఆమె, 1936లో బ్రహ్మాండం నాగేశ్వరరావును వివాహమాడి, ముగ్గురు బిడ్డల ఆలనాపాలనా చూసుకుంటూనే ఇంటికి వచ్చినవారికి వండి వడ్డించారు. సంసారాన్ని విడిచి సన్న్యసించాలన్న ఆలోచనకే ఆ మార్గంలో చోటు లేదు.

ఇతర సంప్రదాయాలలో మంత్రోపదేశానికి ఉండే స్థానం ఇక్కడ అన్నానికి దక్కింది. ఊరిలో ఇంటింటా పిడికెడేసి బియ్యం తీసి ఉంచేలా చేసి, పేదల ఆకలి తీర్చడానికి ఆమె ఏర్పరచిన ధాన్యనిధి తొలి మెట్టు కాగా, 1958 ఆగస్టు 15న అన్నపూర్ణాలయం, అంటే వచ్చినవారందరికీ ఉచితంగా భోజనం పెట్టే శాల, మొదలైంది. దానం చేసేటప్పుడు పాత్రతను, అనగా పుచ్చుకునేవాని యోగ్యతను, విచారించాలని ధర్మశాస్త్రాలు చెబుతాయి. అమ్మ దృష్టిలో ఆకలిని మించిన యోగ్యత లేదు. భోజనాల వేళ కులాన్ని బట్టి వరుసలు మార్చే పంక్తిభేదం పల్లెల్లో బలంగా ఉన్న ఆ కాలంలో, ఒక బ్రాహ్మణ గృహిణి అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టడం ఎంత సాహసమో ఈనాటి పాఠకులు ఊహించుకోవలసిందే.

ఆమె తనకు శిష్యులు లేరని, ఉన్నది బిడ్డలేనని అనేవారు. అందువల్లనే ‘అందరిల్లు’ అనే ఆ ఆశ్రమంలో వారు ఒకరినొకరు ‘అన్నయ్యా’, ‘అక్కయ్యా’ అని పిలుచుకోవడం ఆచారమైంది. జీవుడూ దేవుడూ వేరు కారన్న అద్వైతాన్ని తర్కంతో నిరూపించబూనక, పెట్టే చేతికీ తినే నోటికీ మధ్య పరాయితనం లేకుండా చేయడమే ఈ పద్ధతిలోని కీలకం. బిడ్డలోని తప్పును చూసి తల్లి అన్నం పెట్టడం మానదు కనుక, మంచిచెడ్డల తీర్పు లేకుండా మనిషిని స్వీకరించడం కూడా ఈ సాధనలో భాగమే. ఇది వినడానికి తేలిక, నిత్యం పాటించడానికి మాత్రం కఠోరమైన నియమం.

మాతృత్వాన్ని కీర్తించే పేరుతో స్త్రీల మీద త్యాగభారం మోపడం మన సమాజానికి పాత అలవాటు. ఈ సంప్రదాయపు నిజమైన విలువ అక్కడే తెలుస్తుంది: మాతృభావం ఇక్కడ స్త్రీలకే కేటాయించిన విధి కాదు, గరిటె పట్టి వడ్డించే ప్రతి అన్నయ్యా అలవరచుకోవలసిన గుణం.  ఆ వడ్డన అతిథులతోనే ఆగలేదు: జిల్లెళ్లమూడిలోనే 1971లో ప్రారంభమైన మాతృశ్రీ ప్రాచ్య కళాశాల విద్యార్థులకూ ఆ అన్నపూర్ణాలయమే భోజనశాల అయింది.