తెల్లవారుజామున కుసుమ కోత

కుసుమ చేను కోసేవాళ్ల చేతులంటే నాకు ఎనలేని గౌరవం. హుస్నాబాద్ వైపు పత్తి, వరి సందడిలో ఈ పంటను తలచుకునేవాళ్లు తక్కువే గానీ, దీన్ని పండించే నేర్పు తక్కువది కాదు. వానాకాలం పంట తీశాక రేగడిలో మిగిలిన పదును చూసుకుని అక్టోబరులో విత్తుతారు. మొదటి నెల రోజులు మొక్క నేలకు అతుక్కుని ఆకులు పరుస్తుందే తప్ప పైకి లేవదు. తెలియనివాళ్లు గిడసబారిందనుకుంటారు. రైతు తొందరపడడు, వేరు లోతుకు దిగుతున్నదని అతనికి తెలుసు. ఒత్తుగా మొలిచిన చోట పీకి జానెడు ఎడం ఉంచుతాడు. పీకిన లేత మొక్కలు ఇంటికి కూరాకు. పప్పులో వేస్తే ఎంత రుచో! తర్వాత ఆకు అంచున ముల్లు గట్టిపడుతుంది, ఇక గొడ్డు మూతి పెట్టదు. అందుకే శనగ చేను చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేస్తే అదే కంచె.

అసలు పరీక్ష కోత. పొద్దెక్కితే ముళ్లు సూదులే. కాబట్టి మంచు ఆరకముందే, అవి మెత్తగా ఉన్నప్పుడే చేలోకి దిగుతారు. చేతికి గుడ్డ చుట్టుకుని, పంగల కర్రతో మొక్కను ఒడిసిపట్టి, కొడవలితో మొదలుకంటా కోస్తారు. కుప్పలు ఎండాక కర్రలతో కొట్టి తూర్పారబడితే నున్నటి తెల్ల గింజ రాలుతుంది. దాని నూనె వంటింటికి, మిగిలిన చెక్క గొడ్ల దాణాకు.