నాలుగు కిలోల నార

రాయలసీమలో చేల గట్ల మీద, రైలు కట్టల పక్కన బారులు తీరి కనిపించే కిత్తనారను మనం కంచె కింద జమకట్టేశాం. మట్ట కొసన నల్లటి ముల్లు, అంచుల నిండా రంపపు పళ్లు. మేక కూడా మూతి పెట్టదు. మెక్సికో నుంచి వచ్చిన ఈ జాతే మన పశువులకు పలుపు, బావికి చేదతాడు ఇచ్చింది.

నార తీయడంలో నాకు నచ్చేది నానబెట్టే లెక్క. ముళ్లు చెక్కి, మట్టలు చీల్చి, కట్టలు కట్టి, బరువు పెట్టి నీళ్లలో ముంచుతారు. ముందే తీస్తే గుజ్జు వదలదు. ఆలస్యమైతే నారే చివికిపోయి, పురి పెట్టగానే పుటుక్కుమంటుంది. ఎండను బట్టి, నీళ్లను బట్టి గడువు మారుతుంది. పని తెలిసినవాళ్లు ఒక మట్టను పైకి లాగి బొటనవేలితో నొక్కుతారు. తోలు జారి, కింద తెల్లటి పోగులు తగిలితే అయినట్టే. ఇక కొయ్యతో బాదడం, కడగడం, ఆరేయడం.

నార తాళ్ల గొప్పలు చెప్పుకునేవాళ్లు దురద మాటెత్తరు. పసరులోని కాల్షియం ఆక్సలేట్ సూదులు చర్మంలో దిగితే దద్దుర్లే. ఆ కంపు సరేసరి. నైలాన్ వచ్చి ఆ చేతులకు విశ్రాంతినిచ్చిందంటే నేనొప్పుకుంటాను. కానీ పలుపు దగ్గర మాత్రం నా ఓటు నారకే. గొడ్డు గింజుకుంటే నైలాన్ మెడ ఒరుసుకుపోతుంది, పైగా ముడి నిలవదు.

అసలు చిక్కు బరువుది. కిత్తనారకు దాయాది అయిన సైసల్‌లో వంద కిలోల మట్టలకు నార నాలుగు కిలోలే. 1893లో రిచర్డ్ హిండార్ఫ్ అనే జర్మన్ ఫ్లోరిడా నుంచి తూర్పు ఆఫ్రికాకు వెయ్యి సైసల్ పిలకలు తెప్పిస్తే 62 బతికాయి. టాంజానియా సైసల్ తోటలకు అవే నాంది. అక్కడ మట్టలను గీకి నార తీసే యంత్రాన్ని తోటలోనే పెట్టి, మట్టలు మోయడానికి చిన్న రైలు పట్టాలు వేసుకున్నారు. మన గట్లకు అంత హంగామా అక్కర్లేదు, ట్రాక్టరు లాక్కొచ్చే చిన్న యంత్రం చాలు. మట్టలను లారీకెక్కించి పట్నం పంపితే కిరాయంతా పిప్పికే పోతుంది.

ఆ పిప్పిని టాంజానియాలోని హలేలో పులియబెట్టి, గ్యాస్ తీసి కరెంటు చేశారు. మనం చెరువులో పారేయకుండా కుప్పపోసి ఎరువు చేసుకున్నా మేలే, చేపలన్నా బతుకుతాయి.