ఏం కూర?

మన కథల్లో ఇద్దరు కలిస్తే ఎండ గురించో వాన గురించో మాట్లాడుకుంటారు. ‘ఏం కూర?’ అని అడుగుతారు. చాయ్ తాగుతారు. అదే కథలోకి సాయిబు వస్తే? చాలాసార్లు వచ్చీరాని తెలుగుతో నవ్వించాలి, లేదా స్నేహితుడి కోసం ప్రాణమివ్వాలి. ఊసుపోక కబుర్లు చెప్పుకునే తీరిక అతనికుండదు.

బయటా అంతే. ఎండ ఒక్కటే అందరిదీ. ‘ఏం కూర?’ మా దగ్గరకొచ్చేసరికి ఆరా అయిపోతుంది. టీవీలో పాకిస్తాన్‌తో మ్యాచ్ నడుస్తుంటే ‘స్కోరెంత?’ అన్నది దేశభక్తి పరీక్షవుతుంది. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ (1991) ఈ అనుమానాన్నే నిలదీసింది.

మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ (1999) ఇంకో పని చేసింది. మా ఇళ్లలోని తిండి మాటల్ని, తిట్లని, నవ్వుల్ని నెల్లూరు యాసలో కథ చేసింది. అక్కడ అమ్మ ఎవరికీ ఏదీ రుజువు చేయదు. పిల్లలకి అన్నం పెడుతుంది, కోపమొస్తే కసురుతుంది. మతసామరస్యం మీద ఉపన్యాసమిచ్చే కథలకన్నా నాకిదే పెద్ద సంగతి.

‘ఖానా ఖాయే?’ అన్న పలకరింపు, పక్కన అర్థం రాయకుండానే తెలుగు కథలో ఇమడాలి. మేం అడిగే చోటు అంతే.